తరగతి గది నుంచి రచ్చబండకు: కళాశాల తెలుగు బోధనలో వికీపీడియా రచన

వ్యాససంగ్రహం

కళాశాల విద్యార్థి రాసే అసైన్‌మెంటుకు సాధారణంగా పాఠకులు ఒక్కరే, వారు అధ్యాపకులు. ఆ రచన ప్రజల ముందుకు వెళ్ళినప్పుడు విద్యార్థి చదివే తీరు, రాసే తీరు ఎలా మారతాయో తెలుగు వికీపీడియా ఆధారంగా ఈ వ్యాసం వివరిస్తుంది. 2011లో పుణెలో జరిగిన ప్రయోగాన్ని, తొలి తెలుగు టాకీ విడుదల తేదీపై వచ్చిన చర్చను ఉదాహరణలుగా తీసుకుంటుంది. ప్రచురణకు కాక, ఆధార పరిశీలనకు మార్కులు కేటాయించినప్పుడే ఈ పద్ధతి ఫలిస్తుందని ప్రతిపాదిస్తుంది.

ముఖ్యపదాలు: తెలుగు బోధన, వికీపీడియా, ఆధార పరిశీలన, భక్త ప్రహ్లాద, మూల్యాంకనం.

1. ఉపోద్ఘాతం

డిగ్రీలో తెలుగును ద్వితీయభాషగా చదివే విద్యార్థి సమర్పించే అసైన్‌మెంటు, మార్కులు నమోదు కాగానే పాత కాగితాల కట్టలో చేరుతుంది. మళ్ళీ ఎవరూ చదవరని విద్యార్థికి ముందే తెలుసు. అందువల్ల గైడులోని వాక్యాలను తిరగరాయడం అతనికి తప్పుగా తోచదు. ఈ స్థితికి విద్యార్థి సోమరితనాన్ని మాత్రమే కారణంగా చూపలేం. పాఠకులు లేని రచనను అభ్యాసంగా ఇవ్వడం కూడా ఒక కారణమే.

విద్యావంతులు ప్రజల కోసం రాయడం తెలుగువారికి కొత్త కాదు. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా మండలి చరిత్ర, శాస్త్ర విషయాలను తెలుగులో సామాన్య పాఠకులకు అందించింది. కొమర్రాజు వేంకట లక్ష్మణరావు విజ్ఞాన సర్వస్వ నిర్మాణానికి పూనుకున్నారు. 1923లో ఆయన మరణించేనాటికి ఆ పని అసంపూర్ణంగానే ఉంది. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా ఆ అవసరాన్నే మరో మార్గంలో తీరుస్తున్నది. ఇందులో కళాశాల విద్యార్థికీ చోటుంది. విజయవాడలోని ఆంధ్ర లొయోలా కళాశాల విద్యార్థులు సెంటర్ ఫర్ ఇంటర్నెట్ అండ్ సొసైటీ సహకారంతో ఇటువంటి రచనలో పాల్గొన్నారు.

2. పాఠకులు మారితే రచన మారుతుంది

వికీపీడియాలో రాసే ప్రతి వాక్యం మూడు నియమాలకు లోబడాలి. విషయాన్ని పాఠకులు సరిచూసుకోగలగాలి. దీనిని నిర్ధారత్వం అంటారు. రచయిత ఒక పక్షం వహించకూడదు. ఇది తటస్థ దృక్కోణం. ఇంతకుముందు ఎక్కడా ప్రచురితం కాని సొంత నిర్ధారణలను చేర్చకూడదు. ఇది మౌలిక పరిశోధనపై నిషేధం.

ఈ నియమాలు భాషా బోధనకు నేరుగా ఉపకరిస్తాయి. ఉదాహరణకు, ‘ఆయన మహాకవి, ఆయనకు సాటి లేరు’ అనే వాక్యం అసైన్‌మెంటులో నిలుస్తుంది, వికీపీడియాలో నిలవదు. ఆ కవి ఏ సంవత్సరంలో ఏ గ్రంథం రాశారు, దానిని ఏ విమర్శకులు ఏ కారణంతో మెచ్చారు అని చెప్పవలసి వస్తుంది. విశేషణం తొలగి, ఆ స్థానంలో విషయం చేరుతుంది. చరిత్ర విభాగంలో ప్రతి మార్పూ నమోదవుతుంది. చర్చాపేజీలో అపరిచితులు ప్రశ్నిస్తారు. సభ్యులందరి చర్చావేదికకు తెలుగు వికీపీడియా ‘రచ్చబండ’ అని పేరు పెట్టుకోవడం సముచితంగా ఉంది. ఊరి నడుమ చెప్పిన మాటకు ఊరందరికీ జవాబు చెప్పుకోవాలి.

3. పుణె ప్రయోగం నేర్పిన పాఠం

పాఠకులు ఉన్నంత మాత్రాన రచన బాగుపడదని 2011లో పుణెలో జరిగిన ప్రయోగం తెలిపింది. అక్కడి కొన్ని కళాశాలల విద్యార్థుల చేత ఆంగ్ల వికీపీడియాలో వ్యాసాలు రాయించారు. చాలామంది పుస్తకాల నుంచి, వెబ్‌సైట్ల నుంచి యథాతథంగా నకలు చేశారు. కాపీహక్కుల ఉల్లంఘనలను వెతికి తొలగించే భారం జీతం లేని స్వచ్ఛంద సంపాదకులపై పడింది. ఆ ప్రయోగాన్ని అదే సంవత్సరం ఆపవలసి వచ్చింది.

దీనిని విద్యార్థుల నిజాయితీ లోపంగా మాత్రమే చూడటం సరికాదు. చదివిన దానిని సొంత వాక్యంలో చెప్పడం, మూలాన్ని పేర్కొనడం అన్నవి వారికి అంతకుముందు ఎంతవరకు నేర్పారన్నది అసలు ప్రశ్న. తరగతి గదిలో మన్నించిన నకలు బహిరంగ వేదికపై నేరమైంది. కాబట్టి శిక్షణ లేకుండా విద్యార్థిని ప్రజల ముందు నిలపడం అతనికీ, ఆ వేదికకూ అన్యాయమే.

4. ఆధార పరిశీలన: ‘భక్త ప్రహ్లాద’ ఉదాహరణ

జూబ్లీహిల్స్, ఫిలింనగర్, మోతీనగర్ పరిసరాల విద్యార్థులకు సినిమా రోజూ కంటికి కనిపించే పరిశ్రమ. తెలుగు సినిమా చరిత్ర వారికి సహజంగా ఆసక్తి కలిగించే విషయం. ఆధార పరిశీలన బోధించడానికి ఇందులో చక్కని ఉదాహరణ ఒకటి ఉంది.

హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వం వహించిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని చాలాకాలం రాస్తూ వచ్చారు. ఒకరి నుంచి ఒకరు తీసుకోవడం వల్ల ఆ తేదీ స్థిరపడింది. పాత్రికేయుడు, పరిశోధకుడు రెంటాల జయదేవ ఈ విషయాన్ని ఆధారాలతో పునఃపరిశీలించారు. ఆ చిత్రానికి 1932 జనవరి 22న సెన్సారు ధ్రువీకరణ లభించిందనీ, 1932 ఫిబ్రవరి 6న బొంబాయిలోని కృష్ణా సినిమాలో విడుదలైందనీ నిరూపించారు.

ఈ మార్పు కేవలం ఒక తేదీకి సంబంధించింది కాదు. అదే దర్శకుడి ‘కాళిదాస్’ 1931 అక్టోబరు 31న విడుదలైంది. అందులో తమిళంతో పాటు తెలుగు సంభాషణలూ ఉన్నాయి. పాత తేదీ ప్రకారం ‘భక్త ప్రహ్లాద’ ముందు వచ్చినట్లు, కొత్త తేదీ ప్రకారం ‘కాళిదాస్’ ముందు వచ్చినట్లు అవుతుంది. అంటే చరిత్ర క్రమమే మారుతుంది.

ఈ రెండు తేదీలనూ తరగతిలో పక్కపక్కన ఉంచి, ఏది ఎందుకు నమ్మదగినదో ఒక పేరాలో రాయమని అడగవచ్చు. పది పుస్తకాలు ఒకే మాట చెప్పినా, అవన్నీ ఒకే పుస్తకాన్ని అనుసరించి ఉంటే దానిని ఒకే సాక్ష్యంగా లెక్కించాలని విద్యార్థి గ్రహిస్తాడు. పరిశోధన పద్ధతుల పాఠంలో సూత్రంగా వినే మాట ఇక్కడ అనుభవంగా మారుతుంది.

5. వికీపీడియాకు సరిపడని రచన

కృష్ణానగర్, యూసఫ్‌గూడ ప్రాంతాల్లో సినీ కార్మికుల కుటుంబాలు నివసిస్తున్నాయి. లైట్‌మ్యాన్‌తోనో, మేకప్ కళాకారిణితోనో ముఖాముఖి జరిపి వారి వృత్తిపదాలను సేకరించడం మంచి అభ్యాసం. అయితే అటువంటి సేకరణ మౌలిక పరిశోధన అవుతుంది కనుక వికీపీడియాలో చేర్చకూడదు. అది కళాశాల పత్రికలో, పరిశోధన పత్రికలో లేదా సామాజిక రేడియోలో వెలువడాలి. హైదరాబాదు విశ్వవిద్యాలయం నడిపే ‘బోల్ హైదరాబాద్’ 90.4 ఎఫ్.ఎం. అటువంటి సామాజిక రేడియోనే.

ఏ రచన ఏ వేదికకు తగినదో నిర్ణయించడం కూడా బోధనలో భాగమే. మాట్లాడినవారి అనుమతి తీసుకోవడం, వారు వద్దన్న విషయాన్ని విడిచిపెట్టడం విద్యార్థి తప్పక పాటించాలి.

6. సెమిస్టరులో అమలు, మూల్యాంకనం

అరవై మంది ఉన్న తరగతిలో ఒక్కొక్కరి చేత పూర్తి వ్యాసం రాయించడం సాధ్యం కాదు. రెండు ఆధారాలతో ఒక పేరా రాయించడం సాధ్యం. మొదటి నెల సంక్షిప్తీకరణకు, మూలాల నమోదుకు, యూనికోడ్ టైపింగుకు కేటాయించాలి. తరువాత వికీపీడియాలోని ‘ప్రయోగశాల’ పేజీలో చిత్తుప్రతి సిద్ధం కావాలి. దానిని తోటి విద్యార్థి మూలంతో పోల్చి చూసి, అధ్యాపకుడు ఆమోదించిన తరువాతే ప్రధాన వ్యాసంలో చేర్చాలి.

పేరా నిలిచిందా, తొలగిపోయిందా అన్నది మార్కులకు ప్రమాణం కాకూడదు. ఇతర సంపాదకులు తొలగించినప్పుడు, అందుకు కారణాన్ని తెలుసుకొని చర్చాపేజీలో మర్యాదగా సమాధానం ఇచ్చిన విద్యార్థి ఎక్కువ నేర్చుకున్నట్లే. చరిత్ర విభాగం ఈ క్రమాన్నంతా చూపుతుంది కనుక, ఎవరు ఎంత పని చేశారో అంచనా వేయడం సులభం.

వికీపీడియాలో చేర్చిన రచనను స్వేచ్ఛా లైసెన్సు కింద ఎవరైనా వాడుకోవచ్చు, మార్చవచ్చు. ఈ విషయం విద్యార్థికి ముందే చెప్పాలి. అసలు పేరుతో ఖాతా తెరవాలని నిర్బంధించరాదు. బహిరంగంగా రాయడం ఇష్టపడని వారికి సమాన మార్కులున్న మరో అభ్యాసం ఇవ్వాలి.

7. ముగింపు

ప్రజల కోసం రాయించడం వల్ల అధ్యాపకుల శ్రమ తగ్గదు, పెరుగుతుంది. అయితే ఆ శ్రమ జవాబుపత్రంలోని తప్పులను లెక్కించడానికి కాక, ఒక వాక్యం ఎలా నిజమవుతుందో చూపడానికి వెచ్చించినది అవుతుంది. పుణె ప్రయోగం తొందరపాటు వల్ల వచ్చే నష్టాన్ని చూపింది. ‘భక్త ప్రహ్లాద’ తేదీ చర్చ ఓపికగా చేసిన పరిశీలన ఫలితాన్ని చూపింది. తన పేరాను ముక్కూముఖం తెలియని పాఠకుడు నమ్మి ఉపయోగించుకుంటాడని తెలిసిన విద్యార్థి, రాసేముందు మరొక్కసారి మూలం తెరిచి చూస్తాడు. తెలుగు బోధన ఆశించదగిన ఫలితాల్లో అది చిన్నదేమీ కాదు.