చచ్చిన సెల్‌లో మిగిలిన నిప్పు

‘రిమోట్ పనిచేయడం లేదని తీసి పడేసిన బటన్ సెల్‌ను పిల్లాడు మింగితే ప్రమాదమా? అందులో కరెంటు అయిపోయింది కదా!’ అని ఒక పాఠకురాలు అడిగారు.

ప్రమాదమే, అదీ గంటల్లో. పిల్లలు మింగిన నాణేలు, పూసలు కడుపులోకి దిగితే చాలావరకు మలంతో పోతాయి. ఊపిరిగొట్టంలో పడ్డ వేరుశనగ గింజ సంగతి వేరు, అది బ్రాంకోస్కోపీతో తీయాల్సిందే. బటన్ సెల్ ఈ రెండు లెక్కల్లోకీ రాదు.

సెల్ పగిలి లోపలి రసాయనం కారడం వల్లే గొంతు కాలుతుందని చాలాకాలం నమ్మారు. పాదరసం ఉన్న సెల్స్ రోజుల్లో విషం ఎక్కుతుందనీ భయపడ్డారు. కానీ లిథియం సెల్‌లో క్షార ద్రావణమే ఉండదు. అయినా ఘోరంగా కాల్చేది అదే! మరి క్షారం ఎక్కడిది?

పిల్లాడి ఉమ్మిలోంచే పుడుతుంది. సీఆర్ 2032 అనే లిథియం సెల్ పేరులో 20 అంటే బిళ్ళ వ్యాసం 20 మిల్లీమీటర్లు, 32 అంటే మందం 3.2 మిల్లీమీటర్లు. చిన్నపిల్లల అన్నవాహికలో ఇరుక్కోవడానికి ఆ వెడల్పు చాలు. తడి గోడలు రెండు వైపులా అదిమి పట్టుకోగానే ఆ తడిగుండా కరెంటు పారుతుంది. రుణధ్రువం దగ్గర నీరు విడిపోయి హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లు పుడతాయి. బడి ప్రయోగశాలలో ఉప్పునీటిలోకి కరెంటు పంపితే రుణధ్రువం దగ్గర ఫినాఫ్తలీన్ గులాబీ రంగుకు తిరిగేది ఈ అయాన్ల వల్లే. అవి పోగుపడేకొద్దీ పీహెచ్ 12 దాటుతుంది. ఆమ్లం తగిలిన కండ గడ్డకట్టి, ఆ ఆమ్లాన్నే కొంత అడ్డుకుంటుంది. క్షారం అలా కాదు. కొవ్వును సబ్బుగా మార్చి, మాంసకృత్తులను కరిగిస్తూ లోతుకు దిగుతుంది. తీవ్రమైన గాయానికి రెండు గంటలు చాలు.

ఇక పాఠకురాలి సందేహం. నీటిని విడదీయడానికి సిద్ధాంతరీత్యా 1.23 వోల్టులు కావాలి. కొత్త లిథియం సెల్‌లో ఉండేది 3. రిమోట్‌కు చాలనంత తగ్గిన సెల్‌లో కూడా నీటిని విడదీసేంత వోల్టేజీ తరచూ మిగిలే ఉంటుంది.

ఎక్స్‌రేలో నాణెం ఒకే వలయంగా కనిపిస్తే, బటన్ సెల్ అంచులో రెండు వలయాలు కనిపిస్తాయి. పక్కనుంచి తీసిన ఎక్స్‌రేలో సన్నగా ఉన్న ముఖం రుణధ్రువం. అది ముందుకు తిరిగి ఉంటే ఊపిరిగొట్టానికి ముప్పు, వెనక్కి తిరిగి ఉంటే వెన్నుపూసల వైపు. ఒక్క చిత్రంతో గాయం ఎటు దిగుతోందో తెలిసిపోవడం ఎంత అద్భుతం! సెల్ తీశాక కూడా గాయం కొన్నాళ్లు లోతుకు దిగుతూనే ఉంటుంది కాబట్టి ఆ దిక్కు తెలియడం చాలా ముఖ్యం.

సెల్ తీసేలోపు ఈ గాయాన్ని తగ్గించగలవేమోనని 2018లో అమెరికా పరిశోధకులు పండ్లరసాలు, సిరప్‌లు, తేనె పరీక్షించి చూశారు. వాటిలో తేనె బాగా పనిచేసింది. దానికి స్వల్పంగా ఆమ్లగుణం ఉంది, చిక్కగా గోడకు పూతలా అంటుకుంటుంది. ఏడాది దాటిన బిడ్డ సెల్ మింగి పన్నెండు గంటలు కాకపోతే, మింగగలిగితే, ఆసుపత్రికి వెళ్తూ పది నిమిషాలకోసారి రెండు చెంచాలు ఇవ్వొచ్చు. ఏడాది లోపు వాళ్లకు తేనె వద్దు. వాంతి చేయించకూడదు. తేనె కోసం ప్రయాణం ఆపకూడదు.

పిల్లల భద్రత కోసం మన దేశంలో 2021 నుంచి బొమ్మలకు బీఐఎస్ గుర్తు తప్పనిసరి. కానీ రిమోట్లు, కారు తాళాలు బొమ్మల లెక్కలోకి రావు. గోరుతో లాగితే ఊడే మూతలతోనే అవి ఇంకా అమ్ముడుపోతున్నాయి. ఒక్క స్క్రూ బిగించడానికి కంపెనీలకు ఏమి కష్టం?