రౌటర్లకు ఏ సాఫ్ట్‌వేర్ విడుదల? - కార్యాలయ నెట్‌వర్క్‌లలో ఎంపిక, నిర్వహణ

ధ్రువపత్రం కోసమో, రిజిస్ట్రేషన్ కోసమో కార్యాలయానికి వచ్చిన పౌరునికి తరచుగా వినిపించే మాట ‘సర్వర్ డౌన్’. కొన్ని సందర్భాలలో సర్వర్ సక్రమంగానే పనిచేస్తూ ఉంటుంది. దానికి, కార్యాలయానికి మధ్య సమాచారానికి దారి చూపవలసిన రౌటర్ నిలిచిపోయి ఉంటుంది. రౌటర్ కూడా ఒక విధమైన కంప్యూటరే. దానికీ ఆపరేటింగ్ సిస్టం ఉంటుంది. దానిలోనూ లోపాలు బయటపడుతూ ఉంటాయి. వాటిని సవరిస్తూ తయారీ సంస్థలు కొత్త విడుదలలు వెలువరిస్తూ ఉంటాయి. వీటిలో దేనిని ఎంచుకోవాలి, ఎంతకాలం ఉంచాలి, ఎప్పుడు మార్చాలి అన్నది సాంకేతిక సిబ్బందికి వదిలివేయదగిన చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని ప్రజలకు సేవలు అంతరాయం లేకుండా అందడం చాలావరకు ఈ నిర్ణయంపైనే ఆధారపడి ఉన్నది.

రాష్ట్ర కేంద్రం నుండి జిల్లా, బ్లాకు స్థాయి వరకు కార్యాలయాలను కలిపే స్టేట్ వైడ్ ఏరియా నెట్‌వర్క్ పథకాన్ని కేంద్ర ప్రభుత్వం 2005 మార్చిలో 3,334 కోట్ల రూపాయల అంచనా వ్యయంతో ఆమోదించింది. తెలుగు ప్రాంతంలో బ్లాకుకు బదులు మండలం ఈ వ్యవస్థకు చివరి మజిలీ. కనీసం సెకనుకు 2 మెగాబిట్ల సామర్థ్యంతో మొదలైన ఈ అనుసంధానంపై 2011 నవంబరులో చిత్తూరులో ప్రారంభమైన మీసేవ వంటి సేవలు వచ్చి చేరిన కొద్దీ, రౌటర్ నిలిచిపోతే ఆగిపోయే పనుల జాబితా కూడా పెరిగింది. పరికరాల కొనుగోలుపై జరిగినంత చర్చ వాటిలో నడిచే సాఫ్ట్‌వేర్‌పై జరగకపోవడం అన్ని చోట్లా కనిపించే సంగతే.

సంఖ్యలో ఉన్న సమాచారం

సాఫ్ట్‌వేర్ విడుదలకు ఇచ్చే సంఖ్యను చదవడం తెలిస్తే సగం విషయం బోధపడుతుంది. సిస్కో సంస్థ పాత ఐఓఎస్‌లో ‘12.4(15)టి9’ అనే విడుదలను ఉదాహరణగా తీసుకొనవచ్చు. ఇందులో 12.4 ప్రధాన వెర్షన్. కుండలీకరణంలోని 15 నిర్వహణ విడుదల సంఖ్య. ‘టి’ అనే అక్షరం కొత్త సదుపాయాలను చేర్చుకుంటూ పోయే వరుసను సూచిస్తుంది. చివరి 9, అదే విడుదలను సదుపాయాలేవీ చేర్చకుండా లోపాల సవరణ కోసం తొమ్మిదవసారి పునర్నిర్మించినట్లు తెలుపుతుంది. అక్షరం లేని ప్రధాన వరుసలో సాధారణంగా సవరణలే ఉంటాయి, కొత్త సదుపాయాలు చేరవు. ఆ రోజులలో సిస్కో తొలి వినియోగ దశ, పరిమిత వినియోగ దశ, సార్వత్రిక వినియోగ దశ అని విడుదలలకు ముద్రలు వేసేది. అనేక రకాల నెట్‌వర్క్‌లలో చాలాకాలం నడిచి, లోపాల సంఖ్య తగ్గుముఖం పట్టిన తరువాతనే చివరి ముద్ర లభించేది. ఆ విధానం ఇప్పుడు లేదు.

తరువాత వచ్చిన ఐఓఎస్ ఎక్స్‌ఈలో లెక్క మారింది. ప్రతి మూడు విడుదలలలో ఒకటి దీర్ఘకాల నిర్వహణకు ఉద్దేశించినది. 17.3, 17.6, 17.9, 17.12 ఈ కోవకు చెందినవి. వీటికి 36 నెలలు, మధ్యలో వచ్చే మిగిలిన విడుదలలకు 12 నెలలు మాత్రమే మద్దతు అన్నది సంస్థ ప్రకటించిన విధానం. జూనిపర్ సంస్థ జూనోస్‌లో ‘21.4ఆర్3-ఎస్5’ అంటే 2021 సంవత్సరపు నాల్గవ త్రైమాసిక విడుదల, దాని మూడవ సవరణ, ఆపై ఐదవ సేవా సవరణ అని అర్థం. ‘ఆర్1’ దశలో ఉన్నదానిని ముఖ్య కేంద్రాలలో పెట్టడానికి అనుభవజ్ఞులైన ఇంజనీర్లు వెనుకాడుతారు. వారి జాగ్రత్త సమంజసమైనదే. ఇతరుల నెట్‌వర్క్‌లలో లోపాలు బయటపడి, అవి సవరించబడే వరకు వేచి ఉండడంలో నష్టమేమీ లేదు.

పెద్ద సంఖ్య గలది మెరుగైనదనే భావన మాత్రం సరికాదు. కార్యాలయ నెట్‌వర్క్‌కు కావలసిన సదుపాయాలు ఏవో ముందుగా రాసుకొని, వాటన్నింటినీ ఇవ్వగల విడుదలలలో అన్నింటికంటె ఎక్కువ సవరణలు పొందినదీ, మద్దతు గడువు ఇంకా మిగిలి ఉన్నదీ ఎంచుకోవడం మేలు. అవసరం లేని సదుపాయం ఒక్కటి చేరినా దానితోపాటు దాని లోపాలు కూడా చేరుతాయి. పరికరంలోని జ్ఞాపకశక్తి, నిల్వస్థలం కొత్త సాఫ్ట్‌వేర్‌కు చాలునా అన్నది ఈ దశలోనే తేల్చుకొనవలసి ఉంటుంది. పాత పరికరాలు గల మండల కార్యాలయాలలో చాలాసార్లు ఈ ఒక్క ప్రశ్నే మిగిలిన ఎంపికలన్నింటినీ తోసివేస్తుంది.

సవరణ ఉండి కూడా

2011 నవంబరు 7న ఇంటర్నెట్‌లో మార్గాలను ప్రకటించుకునే బీజీపీ సందేశం ఒకటి జూనిపర్ రౌటర్లలో కొన్నింటిని చేరగానే, వాటి కార్డులు కుప్పకూలి తిరిగి ప్రారంభం కావడం మొదలైంది. లెవెల్ 3, టైమ్ వార్నర్ కేబుల్ వంటి పెద్ద సంస్థల వినియోగదారులకు అంతరాయం కలిగింది. ఈ లోపంపై జూనిపర్ అదే సంవత్సరం ఆగస్టులోనే హెచ్చరిక పత్రం వెలువరించి ఉన్నది. సవరణ గల సాఫ్ట్‌వేర్ అందుబాటులో ఉన్నా, నడుస్తున్న రౌటర్లన్నింటికీ అది చేరలేదు. పెద్ద నెట్‌వర్క్‌లో ఒక సవరణను పరీక్షించి, దశలవారీగా అమర్చడానికి నెలలు పట్టడం అసాధారణం కాదు. కనుక దీనిని కేవలం నిర్లక్ష్యంగా కొట్టివేయడం న్యాయం కాదు. ఏ హెచ్చరికకు ఎంత గడువులో స్పందించాలి అన్నది ముందే నిర్ణయించి ఉంచకపోతే ఆ నెలలు లెక్కలేకుండా గడిచిపోతాయి.

2023 అక్టోబరు నాటి ఉదంతం మరొక కోణాన్ని చూపుతుంది. సిస్కో ఐఓఎస్ ఎక్స్‌ఈలోని వెబ్ నిర్వహణ సదుపాయంలో ఉన్న లోపాన్ని వినియోగించుకొని బయటివారు పరికరంలో సర్వాధికారాలు గల ఖాతాను సృష్టించుకుంటున్నట్లు ఆ నెల 16న సంస్థ ప్రకటించింది. తీవ్రత కొలమానంపై దీనికి గరిష్ఠమైన 10 మార్కులు పడ్డాయి. ప్రపంచవ్యాప్తంగా వేల సంఖ్యలో పరికరాలు ఆక్రమణకు గురైనట్లు పరిశీలకులు గుర్తించారు. ప్రకటన నాటికి సవరణ సిద్ధంగా లేదు; వెబ్ సదుపాయాన్ని మూసివేయడమే అప్పటికి మార్గం. 17.9 వరుసకు 17.9.4ఎ అనే సవరణ 22వ తేదీన వచ్చింది. 17.6, 17.3 వరుసలకు తరువాత వచ్చింది. మద్దతు గల వరుసలో ఉన్నవారికి చిన్న అడుగుతో పని పూర్తయింది. మద్దతు ముగిసిన వరుసలో ఉన్నవారు మాత్రం సవరణ కోసం మొత్తం వెర్షన్‌నే మార్చుకొనవలసి వచ్చింది. అంటే రావలసిన కొత్త లోపాలన్నింటినీ ఒక్క రాత్రిలో తెచ్చుకొనవలసిన స్థితి. ఇక వెబ్ నిర్వహణ సదుపాయాన్ని అసలు తెరచి ఉంచనివారికి ఆ వారం మామూలుగానే గడిచింది.

ఇదే ఘటనలో మరో అంశం గమనార్హం. ఆక్రమణదారులు చొప్పించిన ప్రోగ్రాం రౌటర్‌ను పునఃప్రారంభించగానే చెరిగిపోయేది. వారు సృష్టించిన ఖాతాలు మాత్రం అలాగే నిలిచేవి. సాఫ్ట్‌వేర్ మార్చి ఊరుకున్న చోట తలుపు తెరచే ఉన్నట్లు. అదీగాక, పునఃప్రారంభంతో రౌటర్ జ్ఞాపకశక్తిలోని నమోదులు కూడా పోతాయి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న జారీ చేసిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటనలను 6 గంటలలోగా తెలియజేయవలసి ఉన్నది, నమోదులను 180 రోజులు భద్రపరచవలసి ఉన్నది. కనుక నమోదులను వేరొక సర్వర్‌కు పంపే ఏర్పాటు లేనిచోట సాఫ్ట్‌వేర్ మార్చే సిబ్బంది తెలియకుండానే సాక్ష్యాన్ని తుడిచివేసిన వారవుతారు.

మద్దతు గడువు దాటిన పరికరాల సంగతి వేరు. సిస్కో పరికరాలలోని స్మార్ట్ ఇన్‌స్టాల్ అనే సదుపాయంలో లోపం 2018 మార్చిలో బయటపడింది, అప్పుడే సవరణ కూడా వచ్చింది. అదే లోపాన్ని రష్యా గూఢచార సంస్థకు చెందినవారు వినియోగించుకుంటున్నారని అమెరికా ఎఫ్‌బీఐ 2025 ఆగస్టులో హెచ్చరించింది. సవరణ వచ్చిన 7 సంవత్సరాల తరువాత కూడా దాడికి అనువైన పరికరాలు మిగిలి ఉండడానికి కారణం, అవి చెడిపోకుండా పనిచేస్తూ ఉండడమే. పనిచేస్తున్న వస్తువును తొలగించడానికి నిధులు అడగడం ఏ కార్యాలయంలోనైనా కష్టమే.

పరీక్ష, అమలు

ఎంచుకున్న విడుదలకు సంబంధించి తయారీ సంస్థ ప్రచురించే విడుదల పత్రంలో ఇంకా సవరించని లోపాల జాబితా ఉంటుంది. దీనిని పూర్తిగా చదివే ఓపిక తక్కువమందికి ఉంటుంది. చదివినవారికి మాత్రం సగం ప్రమాదాలు ముందే కనిపిస్తాయి. డిఫాల్ట్‌గా వచ్చే పరిమితులను కూడా చూడవలసి ఉంటుంది. ఆస్ట్రేలియాలో ఆప్టస్ సంస్థ నెట్‌వర్క్ 2023 నవంబరు 8న స్తంభించింది. ఒక అంతర్జాతీయ అనుసంధాన కేంద్రంలో జరిగిన సాఫ్ట్‌వేర్ మార్పు తరువాత వెల్లువెత్తిన మార్గ సమాచారం డిఫాల్ట్ రక్షణ పరిమితులను మించడంతో, సుమారు 90 రౌటర్లు తమంతట తామే నెట్‌వర్క్ నుండి వేరుపడ్డాయి. అత్యవసర సేవల నంబరుకు చేసిన కాల్స్ సైతం అనేకం చేరలేదు. దూరం నుండి సరిచేయడానికి మార్గం లేక సిబ్బంది స్వయంగా వెళ్లవలసి వచ్చింది. నెట్‌వర్క్‌పై ఆధారపడని వేరొక దారి ద్వారా రౌటర్ కన్సోల్‌ను చేరే ఏర్పాటు లేకుండా దూరప్రాంతపు మండల రౌటర్‌లో సాఫ్ట్‌వేర్ మార్చడం ఇటువంటి ప్రయాణానికి సిద్ధపడడమే.

ప్రయోగశాలలో అదే నమూనా రౌటర్‌పై, అదే కాన్ఫిగరేషన్‌తో పరీక్షించిన తరువాత ఒకటి రెండు చిన్న కార్యాలయాలలో కొన్ని వారాలపాటు నడిపి చూడడం మంచి పద్ధతి. కొన్ని గంటల పరీక్ష చాలదు. జ్ఞాపకశక్తి కొంచెం కొంచెంగా హరించుకుపోయే లోపం మొదటి రోజున కనిపించదు. మూడవ వారంలోనో, నెలాఖరు రద్దీలోనో రౌటర్‌ను పడగొడుతుంది. ఆ తరువాత జిల్లా కేంద్రాలు, చివరగా రాష్ట్ర కేంద్రం. జంటగా ఉన్న రౌటర్లలో ఒకదానిని మార్చి, అది నిలకడగా ఉన్నదని తేలిన తరువాతనే రెండవదానిని ముట్టుకోవాలి. జీతాల బిల్లులు, పింఛన్ల పంపిణీ, పరీక్షా ఫలితాలు, ఓట్ల లెక్కింపు ఉన్న రోజులను క్యాలెండర్‌లో ముందే మూసివేయవలసి ఉంటుంది.

పాత ఐఓఎస్ పరికరాలు ఇంకా ఉన్న చోట ఒక ప్రత్యేకమైన చిక్కు ఉన్నది. వీటిలో చాలావాటిలో సాఫ్ట్‌వేర్ ఫ్లాష్ నుండి జ్ఞాపకశక్తిలోకి విప్పుకొని అక్కడి నుండే నడుస్తుంది. స్థలం కోసం ఫ్లాష్‌లోని ఫైలును ఎవరైనా తొలగించినా ఆ క్షణాన ఏమీ జరగదు. నెలల తరువాత విద్యుత్తు పోయి తిరిగి వచ్చిన రోజున రౌటర్ లేవదు. అప్పటికి ఆ తొలగింపు ఎవరికీ గుర్తుండదు. ఏ ఫైలుతో ప్రారంభం కావాలో తెలిపే ఆదేశాన్ని మార్చి భద్రపరచడం మరచినా ఇటువంటి ఫలితమే. అందుచేత కొత్త ఫైలుతోపాటు పాత ఫైలునూ ఉంచి, ప్రారంభ క్రమంలో రెండింటినీ పేర్కొనడం, సిబ్బంది అక్కడ ఉండగానే ఒకసారి పునఃప్రారంభించి చూడడం అవసరం. దిగుమతి చేసుకున్న ఫైలు హాష్ విలువను తయారీ సంస్థ ప్రకటించిన దానితో పోల్చి చూడడానికి ఒక నిమిషం చాలు. మార్పుకు ముందూ తరువాతా రౌటర్‌లోని మార్గాల సంఖ్య, పొరుగు రౌటర్లతో సంబంధాల స్థితి నమోదు చేసుకుంటే తేడా వెంటనే తెలుస్తుంది. ఎంత సమయం గడిచినా పని కాకపోతే పాత విడుదలకు తిరిగి వెళ్లాలో, ఆ నిర్ణయం ఎవరిదో ముందే రాసి ఉండాలి. అర్ధరాత్రి రెండు గంటలకు ‘ఇంకొక్క పది నిమిషాలు’ అనే మాట తెల్లవారేవరకు సాగుతుంది.

కొనుగోలు పత్రాల విషయంలో అధికారులు దృష్టిలో ఉంచుకొనవలసినది ఒకటున్నది. పరికరంతోపాటు సాఫ్ట్‌వేర్ కొత్త విడుదలలు పొందే హక్కు నిర్వహణ ఒప్పందంతోనే వస్తుంది. ఒప్పందం ముగిసిన పరికరాలకు కూడా, ముందే కొనుగోలు చేసిన సదుపాయాల మేరకు, భద్రతా సవరణలను సహాయ కేంద్రం ద్వారా కోరవచ్చునని సిస్కో తన హెచ్చరిక పత్రాలలో పేర్కొంటున్నది. అయితే సాధారణ లోపాల సవరణలకు ఇది వర్తించదు. అమ్మకం నిలిపివేసిన తేదీ నుండి సాధారణంగా 5 సంవత్సరాలకు ఈ సంస్థ పరికరానికి మద్దతు పూర్తిగా ముగుస్తుంది. సాఫ్ట్‌వేర్ సవరణలు అంతకంటె ముందే ఆగిపోతాయి.

అంతరాయం గురించి వార్త రాసే పాత్రికేయులకు ‘సర్వర్ డౌన్’ అనే సమాధానం కంటె ఉపయోగపడే ప్రశ్నలు ఇక్కడే లభిస్తాయి. రౌటర్‌లో ఏ విడుదల నడుస్తున్నది, దానిపై మద్దతు ఏ తేదీ వరకు ఉన్నది, సంబంధిత సవరణ ఎప్పుడు వెలువడింది, అమర్చడానికి నిర్ణయించిన గడువు ఏది అన్నవాటికి సమాధానాలు ఒక పుటలో ఇమిడిపోతాయి. ఆ పుటను నెట్‌వర్క్ పర్యవేక్షకుని బల్లపై కాక శాఖాధిపతి ఫైలులో, మద్దతు ముగిసే తేదీల క్రమంలో ఉంచిన పక్షంలో, మరుసటి సంవత్సరపు బడ్జెట్ ప్రతిపాదనలు పంపే వేళకు ఏ కార్యాలయాల రౌటర్లు మార్చవలసి ఉన్నదీ అడగకుండానే తెలుస్తుంది.