గోడ ఎవరు కట్టవలెను?

లండను నగరమున గొప్ప సంగీతమందిరములు పెక్కు కలవు. అందు టిక్కెట్టు వెల యధికము. పాడువారు అప్పటికే పేరుగాంచినవారు. ఎవరికిని తెలియని యువగాయకుడు తొలిసారి జనుల యెదుట నిలుచునది వీధిచివరి చిన్న శాలయందే. కొద్దిపాటి రొక్కము గలవారును అందు ప్రవేశింపగలరు. అట్టి శాలలు 2007లో ఆ నగరమున 136 ఉండగా, 2015 నాటికి 88 మాత్రమే మిగిలినవి.

అద్దెలు, పన్నులు పెరుగుట ఇందుకొక కారణము. వేరొకటి విచిత్రమైనది. ఒక శాల ముప్పది యేండ్లుగా పాత గిడ్డంగిలో నడచుచుండును. ప్రక్కనున్న ఖాళీ స్థలమున ఎవరో నివాసభవనము లేపుదురు. అందు క్రొత్తగా చేరినవారు తమకు రాత్రి నిద్ర పట్టుట లేదని ఫిర్యాదు చేయుదురు. వారి మాట అబద్ధము కాదు. నిద్ర అందరికిని కావలసినదే. అయితే పూర్వపు పద్ధతిలో చప్పుడు చేయువాడే దోషి. ముందు వచ్చినవాడనుట సమాధానము కానేరదు. దళసరి గోడలకు, రెండు పొరల అద్దపు కిటికీలకు అగు ఖర్చంతయు శాలవానిపై పడెడిది. అంత సొమ్ము లేనివాడు తలుపులు మూసికొనవలసినదే.

ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రము 2014లో దీనిని చక్కదిద్దినది. మార్పు తెచ్చువాడే దాని భారము వహింపవలెనని అచ్చటి నియమము. శాల ముందున్నచో ఇండ్లు కట్టువాడును, ఇండ్లు ముందున్నచో శాల పెట్టువాడును ధ్వనిని ఆపు ఏర్పాట్లకు వెచ్చింపవలెను. ఇంగ్లండు దేశపు నగరనిర్మాణ విధానమున ఈ సూత్రము 2018లో చేరినది. 2021 నాటి లండను ప్రణాళికలోను చోటుచేసికొన్నది. అద్దెలను తగ్గించు శక్తి దీనికి లేదు. కాని భవనమునకు అనుమతి ఇచ్చుటకు ముందే గోడల సంగతి తేలవలెను.

శాల నిలిచినంత మాత్రమున అందరికిని తావు దొరకునా? లండను పోలీసులు 2005లో 696 అను సంఖ్యగల పత్రమొకటి ప్రవేశపెట్టిరి. కచేరి జరుపువారు గాయకుల పేర్లు, చిరునామాలు అందు తెలుపవలెను. ఏ రకపు సంగీతము, వినవచ్చువారు ఏ జాతివారు అనియు తొలుత అడిగెడివారు! నల్లజాతి యువకులు పెంపొందించిన గ్రైమ్ అను సంగీతరీతికి దీనివలన వేదికలు కరవగుచున్నవని విమర్శలు చెలరేగినవి. 2017లో పత్రమును రద్దుచేసిరి.

దూరము సంగతియు కలదు. కచేరి ముగియునప్పటికి రాత్రి చాల గడచును. నగరపు టంచున నివసించు విద్యార్థి ఇల్లు చేరుటెట్లు? శుక్ర, శనివారములందు కొన్ని భూగర్భ రైళ్లను రాత్రియంతయు నడుపుట 2016 ఆగస్టులో ఆరంభమైనది. అంతకు పూర్వము టాక్సీ బాడుగ ఇచ్చుకొనలేనివాడు రాత్రి బస్సులో చాలసేపు ప్రయాణింపవలెను. లేదా చివరి రైలుకై పాట నడుమనే లేచిపోవలెను.