షెడ్డు గడప మీద ఐదు నిముషాలు



ఈసారి రేటు గురించి, రోగం మందుల గురించి కాదు. మన మనసు గురించి నాలుగు మాటలు రాస్తా ఉండాను.

రెండేండ్ల కిందట మా ఇంట్లో 100 గుడ్ల పంట. నాలుగో జ్వరం లేచి మూడు దినాలు మేసినాక పురుగులు ఉబ్బి, చర్మం మెరిసి, బెడ్డు అంచులకు పాకడం మొదలుపెట్టినాయి. తాకితే పాలు కారినట్టు కారింది. పాలరోగం. గుంత తీసి, సున్నం చల్లి అన్నీ పూడ్చేసినాము. ఆకుకు, కూలికి చేసిన అప్పు మాత్రం మిగిలింది.

తర్వాత రెండు పంటలు బాగానే వచ్చినాయి. అయినా నా కండ్ల ముందర పోయిన పంటే. శిడ్లఘట్ట మార్కెట్లో మంచి రేటు పలికిన దినం కూడా, వచ్చే పంట ఏమవుతుందో అనుకుంటానే బస్సెక్కినాను.

ఆ రాత్రి నా భార్య అడిగింది: "పోయినప్పుడు నెల దినాలు ఏడ్చినావు. వచ్చినప్పుడు ఒక పూటన్నా సంతోషపడినావా?"

నా దగ్గర జవాబు లేదు.

మా కూతురు డిగ్రీలో మనస్తత్వ శాస్త్రం చదువుతా ఉంది. అమెరికాలో ఫ్రెడ్ బ్రయంట్ అనే ఆయన దీని మీదే పని చేసినాడని చెప్పింది. మంచిని మూడు విధాలుగా అనుభవించవచ్చంట. రాబోయేదాన్ని తలచుకొని, జరిగేటప్పుడు దాంట్లోనే ఉండి, జరిగినదాన్ని గుర్తు చేసుకొని. మన పనిలో మూడింటికీ చోటుంది.

నాలుగో జ్వరం లేచినాక ఏడెనిమిది దినాల్లోనే పురుగు తన మొత్తం మేతలో ముప్పాతిక పైగా తినేస్తుంది. మనకు ఊపిరాడని దినాలు అవే. అందుకే అప్పుడే, రాత్రి మేత వేసినాక ఫోను ఇంట్లో పెట్టి షెడ్డు గడప మీద ఐదు నిముషాలు కూర్చుంటాను. వేల పురుగులు ఒకేసారి ఆకు కొరికే చప్పుడు, రేకుల మీద సన్న వాన పడినట్టుంటుంది. ఇరవై ఏండ్లుగా ఆ చప్పుడులోనే ఉండాను గానీ, విన్నది ఇప్పుడే.

గూళ్ళు విడిపించేటప్పుడు ఒకటి చెవి దగ్గర ఊపి చూస్తాను. హరాజు అయిన రాత్రి, అప్పు లెక్క తీయకముందే, ఈ పంటలో బాగా జరిగింది ఒకటి ఇంట్లో అందరమూ చెప్పుకుంటాము.

పోయిన చలికాలం సున్నపుకట్టు రోగం వచ్చి సగం పంట పోయింది. బాధ పడలేదంటే అబద్ధం. కానీ ఈసారి తలుపు మూసుకొని పడుకోలేదు. మూడో దినమే బ్లీచింగు కలిపి షెడ్డు కడిగినాను. పోయినవాటితో పాటు వచ్చినవి కూడా గుర్తున్నాయి గదా.

ఇది అప్పు తీర్చదు, రోగం ఆపదు. నిద్ర పట్టక, బతుకు మీదే విసుగు పుడితే దాచుకోకండి. ఇంట్లో చెప్పండి. 14416కు ఫోను చేస్తే టెలి మానస్ వాళ్ళు దుడ్లు లేకుండా మాట్లాడతారు, తెలుగులో కూడా.

ఈ పంటలో మీకు బాగా జరిగింది ఏమి? ఈ రాత్రి ఇంట్లో ఒకరికి చెప్పండి.