మేజోళ్ళు తొడుక్కోలేని విజేత

మా ఇంట్లో వింబుల్డన్ రెండు వారాలూ పండగే. 2013లో ఆండీ ముర్రే గెలిచినప్పుడు, 77 ఏళ్ళ తర్వాత ఒక బ్రిటన్ ఆటగాడు పురుషుల సింగిల్స్ కప్పు ఎత్తాడని పక్కింటివాళ్ళతోపాటు మేమూ కేకలు పెట్టాం. ఆ కప్పు ఇంటికి తెచ్చుకున్న మనిషి ఇంట్లో ఎలా ఉంటాడన్న ఆలోచన మాత్రం మాకు రాలేదు. అది చూపించిన డాక్యుమెంటరీ 2019లో వచ్చిన 'ఆండీ ముర్రే: రీసర్ఫేసింగ్'.

దర్శకురాలు ఒలీవియా కపుచియో ముర్రే అత్తవారి కుటుంబానికి దగ్గరి మనిషి. అందుకే కెమెరా కోసం ఎవరూ ముఖాలు సర్దుకోరు. భర్త నొప్పిని పక్కనుండి చూస్తున్న కిమ్ దిగులు కూడా మనకి కనిపిస్తుంది.

ముర్రే తుంటికి 2018 జనవరిలో మెల్‌బోర్న్‌లో ఆపరేషన్ జరిగింది. నొప్పి పోలేదు. మేజోళ్ళు తొడుక్కోవడం కూడా కష్టంగా ఉందని ఏడాది తర్వాత విలేకరుల ముందు కంటతడి పెట్టాడు. అదే నెలలో లండన్‌లో రెండో ఆపరేషన్. సినిమా పేరు దానిదే. మామూలు తుంటి మార్పిడిలో తొడ ఎముక తలను కోసి తీసేస్తారు. ఇందులో ఆ తలను ఉంచి, పైపైన చెక్కి లోహపు టోపీ తొడుగుతారు. అది తిరిగే గుంటలో లోహపు గిన్నె అమరుస్తారు. ఆ అక్టోబరులోనే ఆంట్‌వర్ప్‌లో సింగిల్స్ టైటిల్ గెలిచాడు. 2024 పారిస్ ఒలింపిక్స్ దాకా ఆడాడు.

నన్ను కదిలించింది మాత్రం ఆ గెలుపు కాదు. 1996లో డన్‌బ్లేన్ బడిలో ఒక దుండగుడు 16 మంది పిల్లల్నీ, ఒక టీచర్నీ కాల్చి చంపిన రోజున ఎనిమిదేళ్ళ ముర్రే ఆ బడిలోనే ఉన్నాడు. టెన్నిస్ నీకెందుకంత ముఖ్యమని దర్శకురాలు అడిగితే ఎదురుగా చెప్పలేక, తర్వాత ఫోన్‌లో మాటలు రికార్డు చేసి పంపాడు. ఆ సంఘటన, అమ్మానాన్నలు విడిపోవడం, అన్న దూరమవడం, వాటి నుంచి ఆటలో తలదాచుకోవడం, అన్నీ అందులో ఉన్నాయి.

అతను ఫోన్‌లో చెప్పుకున్నాడు. మనం ఫోన్‌లోనే దాచుకుంటాం. నాకు నడుం ఆపరేషన్ అయినప్పుడు ఊళ్ళో ఉన్న అమ్మకి చెప్పలేదు, కంగారు పడుతుందని. ఆర్నెల్ల తర్వాత తెలిసి, "నాకు కాక ఎవరికి చెప్తావురా?" అంది.

సినిమా చూసిన ఆదివారం అమ్మ ఎప్పటిలాగే "బాగున్నావా?" అని అడిగింది. "నడుం ఇంకా లాగుతోందమ్మా" అన్నాను. ఆముదం వెచ్చబెట్టి రాసుకోమంది.