బంటు వెనక్కి రాదు, కుదువ సొమ్ము రావాలి

చదరంగం బల్ల మీద అన్నిటికన్నా చిన్నది బంటు. పెద్ద పావులను కాపాడుకోవడానికి ముందుగా దాన్నే వదులుకుంటారు. ముందుకు నడవడమే గాని వెనక్కి రావడం దానికి లేదు. పల్లెల్లో ఇల్లాలి మెడలోని గొలుసుదీ ఇదే వరస. తొలకరికి విత్తనాలు కొనాలన్నా, పిల్లవాడి ఫీజు కట్టాలన్నా, ఆసుపత్రి ఖర్చు వచ్చిపడినా ముందుగా కదిలేది అదే. పంట చేతికి రాగానే విడిపిద్దామనుకుంటారు. తీరా పంట వచ్చేసరికి ఎరువుల బాకీ గుమ్మంలో నిలబడుతుంది. గొలుసు కొట్టులోనే ఉండిపోతుంది.

అయితే బంటుకు లేని దారి కుదువ సొమ్ముకు ఉంది. లెక్క తెలిసి మసలుకుంటే అది తిరిగి ఇల్లు చేరుతుంది.

తూకానికే విలువ

నగ కొన్నప్పుడు బంగారంతో పాటు తరుగుకూ, మజూరీకీ, పన్నుకూ డబ్బు పోస్తాం. కుదువ పెట్టినా, అమ్మినా ఆ మూడూ లెక్కలోకి రావు. రాళ్లు, లక్క, పూసల బరువు తీసివేసి మిగిలిన బంగారానికే విలువ కడతారు. 22 కారెట్ల నగలో వందకు సుమారు 91.6 పాళ్లే మేలిమి. అంటే రెండు కాసుల గొలుసు 16 గ్రాములు తూగితే, అందులో మేలిమి సుమారు 14.66 గ్రాములు. అందుకే కొట్టుకు వెళ్లేముందే మరోచోట తూకం వేయించుకోవడం మేలు. హాల్‌మార్కు గుర్తు ఉన్న నగకు నాణ్యం విషయంలో పేచీ తక్కువ.

విలువలో ఎంత అప్పు ఇవ్వవచ్చో బ్యాంకులకు, బంగారు రుణాల కంపెనీలకు రిజర్వు బ్యాంకు 2025 జూన్‌లో కొత్త నిబంధనలు పెట్టింది. వీటి అమలుకు 2026 ఏప్రిల్ 1 గడువు. ఇంటి ఖర్చులకు తీసుకునే అప్పు రెండున్నర లక్షల లోపైతే విలువలో నూటికి 85 వరకు, ఐదు లక్షల వరకు 80, ఆపైన 75 ఇవ్వవచ్చు. ఊళ్లోని ప్రైవేటు తాకట్టు కొట్లకు ఈ నిబంధనలు వర్తించవు.

రూపాయి తేడా చిన్నది కాదు

నూటికి నెలకు రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 రూపాయలు. మూడు రూపాయలంటే 36. మూడు రూపాయల వడ్డీకి పదివేలు తెచ్చి మూడేళ్లు కట్టకపోతే, చక్రవడ్డీ లేకుండానే వడ్డీ 10,800 అవుతుంది. అసలును వడ్డీ దాటిపోయినట్లే. నెలనెలా వడ్డీ అయినా కట్టేవారు, వీలున్నప్పుడు అసలులో కొంత తీర్చేవారు నగను దక్కించుకుంటారు. పాత అప్పు తీర్చకుండా దాని మీదే పైకం ఎక్కించుకుంటూ పోయేవారికి చివరకు చీటీ ఒక్కటే మిగులుతుంది.

అమ్మేదాకా హక్కు ఉంటుంది

గడువు దాటితే నగ పోయినట్లేనని చాలామంది ఆశ వదులుకుంటారు. అది పొరపాటు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం కుదువ పట్టినవారు తగిన నోటీసు ఇచ్చాకే వస్తువు అమ్మాలి. గడువు దాటినా, వస్తువు నిజంగా అమ్ముడుపోయేదాకా బాకీనీ, ఆలస్యం వల్ల అయిన ఖర్చునూ చెల్లించి విడిపించుకునే హక్కు సొంతదారుకు ఉంది. అమ్మగా బాకీ పోను మిగిలిన పైకం కూడా సొంతదారుదే. అడగనందువల్లనే ఆ మిగులు చాలామందికి దక్కడం లేదు.

అడగాలంటే చేతిలో చీటీ ఉండాలి. నగ బరువు, నాణ్యం, ఇచ్చిన పైకం, వడ్డీ రేటు, గడువు తేదీ అందులో స్పష్టంగా రాయించుకోవాలి. ఉత్త తెల్లకాగితం మీద సంతకం పెట్టరాదు. చీటీని పెట్టెలో భద్రపరిచి, గడువు తేదీ ఇంట్లో ఇద్దరికైనా తెలిసేలా చూసుకోవాలి. ఆ తేదీ మగవాడి జేబులోనే ఉండిపోతే, నగ పోయిన సంగతి ఇల్లాలికి తెలిసేది వేలం అయ్యాకే.