పులుసులో ఉప్పు ఎందుకు భగ్గుమనదు?

గోదావరికి ఎర్రనీరు తగిలిందంటే యానాంలో అందరి చూపూ పులస మీదే. సముద్రంలో ఉన్నంతకాలం దాని పేరు విలస, గౌతమిలోకి ఎదురీదాక పులస. చేప అదే. రుచి మారుతుంది, ధర మారుతుంది, పేరే మారిపోతుంది.

ఆ పులుసులో వేసే ఉప్పుదీ ఇలాంటి కథే. సోడియం లోహం ముక్క నీళ్లలో పడితే భగ్గుమంటుంది. క్లోరిన్ విషవాయువు, 1915లో ఈప్ర్ యుద్ధరంగంలో మనుషుల మీద వదిలింది దాన్నే. రెండూ కలిసి ఉప్పయ్యాక మాత్రం గిన్నెలో చప్పుడు లేకుండా కరిగిపోతాయి. మధ్యలో చేతులు మారింది ఒక్క ఎలక్ట్రాన్.

సోడియానికి 11 ఎలక్ట్రాన్లు: 2, 8, 1. క్లోరిన్‌కి 17: 2, 8, 7. చివరి కక్ష్యలో 8 ఉంటే నిలకడ అని బడిలో నేర్పే అష్టక నియమం. 1916లో జర్మనీలో కోసెల్, అమెరికాలో లూయిస్ ఎవరి దారిన వాళ్లు చేరుకున్న ఆలోచన ఇది. పరీక్షకు ఇంతే చాలు. కానీ సోడియం ఆ ఒక్కదాన్నీ ఇష్టంగా ఇచ్చేస్తుందని పిల్లలకు చెప్పడం నాకు నచ్చదు. అంకెలు అలా అనడం లేదు.

ఆవిరిగా ఉన్న 23 గ్రాముల సోడియం నుంచి, పరమాణువుకు ఒకటి చొప్పున ఎలక్ట్రాన్లు లాగడానికి 496 కిలోజౌళ్లు ఖర్చవుతాయి. వాటిని 35.5 గ్రాముల క్లోరిన్ పరమాణువులు అందుకుంటే తిరిగొచ్చేది 349. ఇద్దరికీ ఎనిమిదేసి దక్కాయి, అయినా బేరంలో 147 నష్టం!

లాభమంతా ఆ తర్వాత, దగ్గర చేరడంలో ఉంది. ఉప్పుగల్లులో ఒక్కో ధన సోడియం చుట్టూ ఆరు ఋణ క్లోరైడ్లు, ఒక్కో క్లోరైడ్ చుట్టూ ఆరు సోడియాలు. పక్కపక్క వాటి మధ్య ఎడం 0.28 నానోమీటర్లు. విడి అయాన్లు అలా పేర్చుకుంటే 787 కిలోజౌళ్లు బయటికొస్తాయి. నష్టం పోను 640 మిగులు. 30 డిగ్రీల నీళ్లు రెండు లీటర్లు మరిగే దాకా కాచినా అందులో ఇంకా కొంత మిగులుతుంది. పరమాణువుల నిలకడ అంటే ఇలా చేజారిపోయిన శక్తే. మళ్లీ విడిపోవాలంటే ఎవరో ఒకరు అదంతా కట్టాలి. అందుకే పొయ్యి మీద ఉప్పు ద్రవంగా మారదు, దానికి 801 డిగ్రీల వేడి కావాలి.

మరి గరిటెడు నీళ్లు ఆ గల్లును ఎలా విప్పేస్తున్నాయి? నీటి అణువులో ఇచ్చిపుచ్చుకోవడం లేదు, పంచుకోవడమే. ఆక్సిజన్ ఒక్కో హైడ్రోజన్‌తో రెండేసి ఎలక్ట్రాన్లు పంచుకుంటుంది, కానీ తన వైపు కాస్త ఎక్కువ లాక్కుంటుంది. దాంతో అణువుకు ఒక కొస కొంచెం ఋణం, రెండో కొస కొంచెం ధనం. ఆ కొసలే అయాన్లను చుట్టుముట్టి దాదాపు 783 కిలోజౌళ్లు తిరిగిస్తాయి. 787కి తక్కువపడిన నాలుగూ నీటి వేడిలోంచే సర్దుకుంటాయి. కట్టుబడి ఉన్న అయాన్లకు చెల్లాచెదురయ్యే వీలు దొరకడమే ఆ మిగతా పనిని పూర్తిచేస్తుంది.

లీటరుకు 35 గ్రాముల లవణాలున్న సముద్రంలో విలస తన మొప్పల్లోంచి సోడియాన్ని బయటికి తోస్తుంది. గౌతమిలోకి వచ్చాక అదే సోడియాన్ని నీళ్లలోంచి ఏరుకుంటుంది. ఈ రాకపోకల్లో ఎక్కడా అది లోహంగా మారదు, అయాన్‌గానే ఉంటుంది. పోయిన ఎలక్ట్రాన్‌ని తిరిగి దాని చేతిలో పెట్టడానికి 1807లో హంఫ్రీ డేవీ కరిగించిన కాస్టిక్ సోడాలోకి కరెంటు పంపాల్సి వచ్చింది.